ఆంగ్లం నేర్ప వచ్చిన అతిథి: డొనాల్డ్ స్నో రెండు గ్రంథాలు, గోదావరి డెల్టా అనుభవం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇంగ్లీషు నేర్పడానికి స్వచ్ఛందంగా పరదేశానికి వెళ్లేవారి కోసం వ్రాసిన పుస్తకాలలో అధిక భాగం ప్రయాణానికి ముందు ఒకసారి తిరగేసి పక్కన పెట్టేవే. డొనాల్డ్ స్నో గ్రంథాలు ఆ కోవకు చెందవు. 1996లో వెలువడిన ‘మోర్ దేన్ ఎ నేటివ్ స్పీకర్’ తరగతి గదిలో తొలిసారి అడుగుపెట్టే స్వచ్ఛంద ఉపాధ్యాయునికి పనిముట్లు అందించే పుస్తకం. 2001లో వచ్చిన ‘ఇంగ్లీష్ టీచింగ్ యాజ్ క్రిస్టియన్ మిషన్’ అదే వ్యక్తి మనస్సాక్షితో మాట్లాడే పుస్తకం. మొదటిది విశ్వాసులకూ ఇతరులకూ ఒకే విధంగా ఉపయోగపడుతుంది. రెండవదానిని గ్రంథకర్త అన్వయ దైవశాస్త్రం అని పిలుచుకున్నారు. ఈ రెండింటినీ కలిపి కోనసీమలో కూర్చొని చదివితే ఏమి తేలుతుందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోనసీమలోనే ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. మొదటి కారణం చాలా సాధారణమైనది. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల్లోని సంఘాలకు, హాస్టళ్లకు, చిన్న ప్రైవేటు బడులకు విదేశాల నుండి యౌవనస్థులు కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ఇంగ్లీషు నేర్పడానికి వచ్చి వెళ్తూ ఉంటారు. వారిని ఆహ్వానించేదీ, భోజనం పెట్టేదీ, వారి పాఠాలను తెలుగులోకి మార్చేదీ మన విద్యార్థులే. రెండవ కారణం, మన వేదాంత విద్యార్థులు కూడ ఇప్పుడు ఇతర రాష్ట్రాలకు, పొరుగు దేశాలకు ఇదే పని మీద వెళ్తున్నారు. అక్కడ వారు ‘వచ్చినవారు’. ఇక్కడ ‘ఉన్నవారు’. ఈ రెండు స్థానాలనూ ఎరిగిన పాఠకుడు స్నో గ్రంథాలను ఆయన ఊహించని వైపు నుండి చదవగలడు.

ముందుగా గ్రంథకర్త వాదాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. స్నో అమెరికన్. చైనాలో చాలాకాలం ఇంగ్లీషు బోధించినవారు. ఆయన మొదటి గ్రంథంలోని మూలసూత్రం ఆ పేరులోనే ఉంది: ఇంగ్లీషు మాతృభాష అయినంత మాత్రాన ఎవరూ ఇంగ్లీషు ఉపాధ్యాయులు కాలేరు. భాష నేర్చుకోవలసినది విద్యార్థి. ఉపాధ్యాయుడు ఆటగానిని తయారుచేసే శిక్షకుని వంటివాడు. కనుక వచ్చినవాడు తాను కూడ ఆ దేశపు భాషను నేర్చుకుంటూ ఉండాలి. నోరు తిరగనప్పుడు కలిగే సిగ్గు ఏమిటో స్వయంగా ఎరగాలి. రెండవ గ్రంథంలో ఇదే సూత్రం దైవశాస్త్ర రూపం ధరించింది. ఇంగ్లీషును ఎరగా చూపి సువార్త చెప్పే పద్ధతిని స్నో సమర్థించరు. పాఠం చక్కగా చెప్పడమే సాక్ష్యంలో భాగమనీ, సిద్ధపాటు లేకుండా తరగతికి వచ్చి ప్రార్థనతో సరిపెట్టుకోవడం అవిశ్వాస్యత అనీ ఆయన అభిప్రాయ సారాంశం. ఈ మాట మన పల్పిట్లకు కూడ వర్తిస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన చెప్పినది చేసి చూపినవారు కూడ. 2004లో హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా కాంటనీస్ లిఖిత భాషగా ఎలా ఎదిగిందో వివరించే గ్రంథాన్ని ఆయన ప్రకటించారు. ఇంగ్లీషు నేర్పడానికి వెళ్లినవాడు అక్కడి జనవ్యవహారంలోని భాషకు చరిత్ర వ్రాశాడన్న మాట. పొట్టకూటి ఉద్యోగానికి వచ్చి తెలుగుకు నిఘంటువు చేసిన బ్రౌను దొర మనకు గుర్తుకు రావడం సహజం.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. మొదటి గ్రంథపు 1996 నాటి ఉపశీర్షికలో ‘వాలంటీర్లు’ అన్న మాట ఉంది. 2006 నాటి సవరించిన ముద్రణలో ఆ మాట లేదు. పరదేశంలో ఇంగ్లీషు బోధనకు పరిచయం అన్న అర్థంలో అది మారింది. ప్రచురణకర్తల వ్యాపార లెక్క అది కావచ్చు. కాని ఆ మాట తొలగడంతో ఒక ప్రశ్న కూడ తొలగిపోయింది. జీతం లేకుండా వచ్చినవాడు ఎవరి ఖర్చు మీద వచ్చాడు, ఎవరి అన్నం తిన్నాడు, ఎవరికి లెక్క చెప్పాలి అన్నదే ఆ ప్రశ్న. దీనికి గోదావరి డెల్టాలో సుమారు 190 ఏళ్ల చరిత్ర ఉంది.

1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో కూడ ఆంథొని నోరిస్ గ్రోవ్స్ వెంట మద్రాసు చేరారు. గ్రోవ్స్ దంతవైద్యుడు. 1825లో ‘క్రిస్టియన్ డివోటెడ్‌నెస్’ అనే చిన్న పుస్తకం వ్రాసి, అందులో చెప్పిన ప్రకారమే తన సంపాదన విడిచి 1829లో బాగ్దాదుకు వెళ్లినవాడు. బౌడెన్, బీర్ పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపని చేసుకొనేవారు. ఏ మిషనరీ సొసైటీ జీతమూ వారికి లేదు. మచిలీపట్నం మీదుగా వచ్చి నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా స్థిరపడ్డారు. పడవ దాటితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, రాజోలు. వారి పరిచర్యకు తెలుగే వాహనం. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై వేలకొద్దీ కూలీలు అక్కడికి చేరినప్పుడు, ఆ కూలీల మధ్యకు వెళ్లి మాట్లాడగలిగినది ఆ తెలుగు వచ్చి ఉండడం వల్లనే. వారి సంఘాలు ప్రధానంగా మాలపల్లెలలో వేళ్లూనాయి. ఇ.బి. బ్రామ్లీ 1937లో ప్రకటించిన శతవార్షిక గ్రంథం ‘దే వర్ మెన్ సెంట్ ఫ్రమ్ గాడ్’ ఈ కథను భక్తిపూర్వకంగా చెబుతుంది.

వీరి తరువాత అయిదేళ్లకు, 1841లో, మరో ఇద్దరు మచిలీపట్నం వచ్చారు. వీరు చర్చి మిషనరీ సొసైటీ వారు. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ కేంబ్రిడ్జి పట్టభద్రుడు. హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు. ఫాక్స్ తెలుగులో ప్రకటన చేయడానికి, నోబుల్ ఇంగ్లీషు పాఠశాల స్థాపించడానికి అని పని పంచుకున్నారు. ఫాక్స్ ఆరోగ్యం చెడి 1848లోనే మరణించాడు. నోబుల్ 1843లో బడి తెరిచి, 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూసే వరకు ఒక్కసారి కూడ ఇంగ్లండు తిరిగి వెళ్లలేదు. ఇరువది నాలుగు సంవత్సరాలు! మూడు వారాల పర్యటనకు వచ్చి, తిరిగి వెళ్లి మూడు సంవత్సరాలు సాక్ష్యం చెప్పుకొనేవారితో ఆయనను పోల్చరాదు. బడి తెరవడానికి ముందు రెండేళ్లు ఆయన తెలుగుతో కుస్తీ పట్టాడన్నది కూడ గమనించదగినది. స్నో ఏయే గుణాలు కోరుతున్నారో అవన్నీ నోబుల్‌లో ఉన్నాయి: భాష నేర్చుకున్నాడు, చక్కగా బోధించాడు, మోసం చేయలేదు, నిలిచి ఉన్నాడు.

అయినా ఆ బడి తలుపు దగ్గర మనం ఆగక తప్పదు. అంటరానివారుగా ఎంచబడిన కులాల పిల్లలకు నోబుల్ పాఠశాలలో ప్రవేశం లేదు. అగ్రవర్ణాలవారిని, ముఖ్యంగా బ్రాహ్మణ యువకులను చేరుకోవాలంటే ఇది తప్పదని ఆయన వాదించాడు. పైవారు మారితే కిందివారికి దారి ఏర్పడుతుందన్నది ఆనాటి ఆలోచన. 1830లో కలకత్తాలో బడి పెట్టిన అలెగ్జాండర్ డఫ్ ఆలోచన కూడ దీనికి దూరం కాదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే బడి దాదాపు ఖాళీ అయింది. తరువాత మళ్లీ నిండింది. ఎందుకు నిండింది? క్రీస్తు కోసం కాదు, ఇంగ్లీషు కోసం. కలెక్టరు కచేరీలో ఉద్యోగం కోసం. ఈ లెక్క తల్లిదండ్రులకు తెలుసు, నోబుల్‌కూ తెలుసు.

ఇప్పుడు రెండు ఒడ్డులనూ పక్కపక్కన పెట్టి చూడండి. పట్టాలు ఉన్న పండితుడు ఇంగ్లీషును పై కులాలకు ఇచ్చాడు. పట్టాలు లేని పనివారు సువార్తను తెలుగులో మాలపల్లెకు ఇచ్చారు. ఈ రెండవది మన సంఘాలు గర్వంగా చెప్పుకొనే చరిత్ర. అందులో గర్వించదగినది ఎంతో ఉంది. కాని బ్రామ్లీ గ్రంథం వంటి వాటిలో ఎదురుకాని ప్రశ్న ఒకటి నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది: వాక్యం అందిన పల్లెకు, ఆనాటి ప్రభుత్వపు తలుపులు తెరిచే ఆ భాష ఎందుకు అంత ఆలస్యంగా అందింది? ప్రజల భాషలో మాట్లాడడం ప్రేమ. ప్రజలను వారి భాషలోనే ఉంచివేయడం ప్రేమ అవునా? బౌడెన్, బీర్ అలా ఉంచాలని అనుకున్నారని నేను అనడం లేదు. వారి చేతిలో ఉన్నది వారు ఇచ్చారు. తరువాతి తరాలు ఆ పంపకాన్నే దేవుని చిత్తంగా చదివాయి. నా ఆక్షేపణ దాని మీద.

స్నో మీద నా ప్రధానమైన విమర్శ ఇక్కడే మొదలవుతుంది. ఆయన గ్రంథాలు ‘ఎలా బోధించాలి’, ‘ఎటువంటి మనస్సుతో బోధించాలి’ అన్న రెండు ప్రశ్నలకు లోతుగా జవాబిస్తాయి. ‘ఎవరికి’ అన్నది మూడవ స్థానంలో వస్తుంది. పేదల ప్రస్తావన ఆయనలో లేకపోలేదు, నిజాయితీగానే ఉంది. అయితే ఆయన అనుభవం ప్రధానంగా కళాశాలలు, విశ్వవిద్యాలయాల తరగతి గదులది. అక్కడ బల్ల మీద ఎవరు కూర్చోవాలో ఇతరులు ముందే నిర్ణయించి ఉంటారు. వచ్చినవాడు ఆ కూర్చున్నవారిని ప్రేమించాలి. గోదావరి డెల్టాలో అలా కాదు. ఇక్కడ బల్ల మీద ఎవరు కూర్చుంటారన్నదే దైవశాస్త్ర సమస్య. నోబుల్‌లోని సద్గుణాలు ఆ సమస్యను పరిష్కరించలేదు. ఒక విధంగా దానిని అందంగా కప్పిపెట్టాయి.

స్నో మీద ఇతరుల విమర్శ వేరొక దిక్కు నుండి వస్తుంది. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ఇంగ్లీషు వ్యాప్తిని భాషా సామ్రాజ్యవాదం అన్నారు. గౌరి విశ్వనాథన్ 1989లోనే, భారతదేశంలో ఇంగ్లీషు సాహిత్య బోధన పాలనా సాధనంగా ఎలా పుట్టిందో చూపారు. అలస్టేర్ పెన్నికుక్, సోఫీ కూటాండ్–మారిన్ 2003లో వ్రాసిన వ్యాసం నేరుగా క్రైస్తవ ఇంగ్లీషు ఉపాధ్యాయులనే ప్రశ్నించింది: ఇంగ్లీషు పాఠాన్ని మతప్రచారానికి ముసుగుగా వాడడం నీతియేనా? దీనికి జవాబుగా, ప్రతిజవాబుగా జరిగిన సంభాషణను మేరీ షెపర్డ్ వాంగ్, సురేష్ కనగరాజా 2009లో ఒక సంపుటిగా సంకలనం చేశారు. కనగరాజా యాళ్పాణం ప్రాంతపు తమిళుడు. ఇంగ్లీషును తిరస్కరించకుండా, దానికి లొంగకుండా, తన అవసరానికి వంచుకొనే దారి ఆయన 1999 నాటి గ్రంథంలో ఉంది. మనకు ఫిలిప్సన్ కన్నా ఆయన దగ్గరివాడు.

ఎందుకంటే సామ్రాజ్యవాద విమర్శను కోనసీమ మాలపల్లెలో యథాతథంగా చదివి వినిపిస్తే వినేవారు నవ్వుతారు. ఇంగ్లీషు వద్దనే హక్కు దానిని అప్పటికే సంపాదించుకున్నవారిది. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివి, తన ప్రధాన గ్రంథాలను ఇంగ్లీషులోనే వ్రాశారు. ఇక్కడి కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం న్యాయస్థానంలో వాదించిన భాషా అదే, తెలుగులో కవిత్వం వ్రాసిన చేయీ అదే. 2006లో చంద్రభాన్ ప్రసాద్ మెకాలే పుట్టినరోజున ఇంగ్లీషును దళితుల దేవతగా కొలవాలన్నప్పుడు మనలో చాలామంది నొచ్చుకున్నారు. విగ్రహారాధన అని కొట్టివేశారు. ఆ మాటలోని ఆకలిని మాత్రం పట్టించుకోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి చేసినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినప్పుడు పత్రికలలో జరిగిన వాదోపవాదాలు గుర్తు తెచ్చుకుంటే చాలు. తెలుగు కోసం కన్నీరు పెట్టినవారి పిల్లలు ఏ మాధ్యమంలో చదివారని పల్లెలు అడిగాయి. మొరటు ప్రశ్నే. కాని సరైన ప్రశ్న.

వాక్యములో దీనికి దగ్గరి సన్నివేశం అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం చివరిలో ఉంది. యెరూషలేములో పౌలును జనసమూహం కొడుతూ ఉండగా రోమా సహస్రాధిపతి వచ్చి సంకెళ్లు వేయిస్తాడు. పౌలు అతనితో గ్రీకులో మాట్లాడగానే అధికారి ఆశ్చర్యపడతాడు. ఆ ఆశ్చర్యంలోనే పౌలుకు మాట్లాడే అవకాశం లభిస్తుంది. వెంటనే ఆయన మెట్ల మీద నిలబడి తన జనులతో హెబ్రీ భాషలో మాట్లాడతాడు. పెంతెకొస్తు అధ్యాయాన్ని భాషల పండుగగా మనం ఎన్నోసార్లు ప్రకటించాం. ఈ 21వ అధ్యాయాన్ని భాషాదృష్టితో చదివినది తక్కువ. సంకెళ్లలో ఉన్నవాని నోట అధికార భాష వేరు, అధికారి నోట అదే భాష వేరు. గ్రీకు వచ్చినందువల్ల పౌలు తన జనులకు దూరం కాలేదు; వారితో మాట్లాడే అనుమతి సంపాదించాడు. ఇంగ్లీషు నేర్పవచ్చిన అతిథి తన పని ఈ మెట్ల దగ్గర ఉన్నదని గ్రహిస్తే, ఫిలిప్సన్‌కూ చంద్రభాన్ ప్రసాద్‌కూ మధ్య మనం ఎవరినో ఒకరిని ఎన్నుకోవలసిన అగత్యం ఉండదు.

ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం రాజోలు వైపు ఒక సంఘంలో సాయంకాలపు ఇంగ్లీషు తరగతికి నేను తర్జుమా చేయడానికి కూర్చున్నాను. వచ్చిన యువకుడు మంచివాడు, ఓపిక గలవాడు. చిత్రపటాలు తెచ్చాడు, పాటలు నేర్పాడు. పిల్లలు సంబరంగా ఉన్నారు. వెనుక చాప మీద ఒక నడివయస్సు స్త్రీ కూర్చుంది. కోనసీమ నుండి ఇంటిపనికి గల్ఫు దేశాలకు వెళ్లే స్త్రీలు ఎందరో పాఠకులకు తెలుసు. ఆమె కువైట్‌లో పదేళ్లు చేసి వచ్చి, మళ్లీ వెళ్లే ప్రయత్నంలో ఉంది. ఆ యువకుడు ఆమెను మీకు ఏయే భాషలు వచ్చునని అడిగించాడు. ‘‘నాకేం భాషలొచ్చండీ, తెలుగేనండి’’ అంది. నేను అదే తర్జుమా చేశాను. పక్కనున్న అమ్మాయి నవ్వి, ‘‘అదేంటత్తా, ఫోన్లో మేడమ్‌తో గంటసేపు అరబ్బీ మాట్లాడతావు కదా’’ అంది. ఆమె సిగ్గుపడి, ‘‘అది భాషేంటే, పనిమాటలు’’ అంది.

పదేళ్ల పాటు ఎవరూ నేర్పకుండా, పుస్తకం లేకుండా, తిట్లు తింటూ ఒక పరాయి భాషను ఒంటరిగా నేర్చుకున్న మనిషి తరగతి గదిలో అందరికన్నా వెనుక కూర్చుంది. భాష ఎలా నేర్చుకోవాలో స్నో చెప్పిన సూత్రాలన్నీ ఆమె బ్రతికి చూపింది. ఆ రాత్రి ఉపాధ్యాయురాలు కావలసినది ఆమె. మాకెవరికీ అది తట్టలేదు. తర్జుమా చేసిన నాకు ముందుగా తట్టలేదు. ఆమెకు ఇంగ్లీషు ఎందుకంటే, పాటల కోసం కాదు. ఏజెంటు సంతకం పెట్టమన్న కాగితంలో జీతం ఎక్కడ వ్రాసి ఉందో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో చదువుకోవడానికి. ఆ కాగితం ఆమె మడిచి కొంగున పెట్టుకొని వచ్చింది. తరగతి అయ్యాక దానిని చూద్దామనుకున్నాం. కరెంటు పోయింది, ఫొటోలు తీసుకోవడంలో పొద్దుపోయింది, ఆమె వెళ్లిపోయింది.

ఇది ఆ యువకుని తప్పని నేను అనను. ఆయన చేతిలోని పుస్తకం ఆయనను విద్యార్థుల అవసరాలు తెలుసుకోమనే చెప్పింది. అయితే అతిథికి అవసరాలు తెలియజేయవలసినది ఆతిథ్యం ఇచ్చేవారు. ఆ రాత్రి అక్కడ ఉన్న ‘స్థానికులం’ మేము. లూకా 10లో ప్రభువు పంపినవారు జోలె గాని సంచి గాని లేకుండా వెళ్లి, ఇంటివారు పెట్టినది తినాలి. వచ్చినవాని దారిద్ర్యమే ఇంటివారికి గౌరవం. మన సంఘాలలో దీనికి విరుద్ధంగా జరుగుతున్నది. వచ్చినవాడు ఏమి తెచ్చాడని మనం చూస్తాం, ఏమి పెట్టాలో ఆలోచించం. బిర్యానీ పెడతాం, కొబ్బరి బొండాం కొట్టి ఇస్తాం. ఆ ఊరి గురించిన నిజం మాత్రం పెట్టం. ఎవరు తరగతికి వచ్చారో చెబుతాం, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో చెప్పం.

స్నో గ్రంథాలలో నాకు కనిపించిన రెండవ లోపం దీనికి సంబంధించినదే. ఆయన చూపు వచ్చినవాని మీద నిలిచి ఉంటుంది. వానికోసం వ్రాసిన పుస్తకం గనుక అది సహజమే. కాని వచ్చినవాడు వెళ్లిన మరునాడు అదే నల్లబల్ల ముందు నిలబడే స్థానిక ఉపాధ్యాయుడు ఆ పుస్తకాలలో కథానాయకుడు కాడు. అతని ఉచ్చారణ పిల్లలకు నిన్నటి దాకా సరిపోయింది. ఈ రోజు నుండి నవ్వు తెప్పిస్తుంది. మూడు నెలల ఉచిత బోధన వల్ల ముప్పై ఏళ్లుగా చెబుతున్న మేష్టారి విలువ తగ్గితే, ఆ నష్టం ఏ నివేదికలోనూ ఉండదు. మిషనరీ జీవిత చరిత్రలలోనూ ఇంతే. తెలుగు నేర్పిన మున్షీ లేనిదే నోబుల్ లేడు, ఫాక్స్ లేడు, బౌడెన్ లేడు. అయినా ఆ గ్రంథాలలో మున్షీకి చాలాచోట్ల పేరుండదు. ‘నా మున్షీ’ అని ఉంటుంది. భాష ఇచ్చినవాడు సేవకుడయ్యాడు, పుచ్చుకున్నవాడు గురువయ్యాడు. బౌడెన్, బీర్‌ల తొలి నెలలను ఎవరైనా మున్షీ వైపు నుండి వ్రాయగలిగితే మన సంఘచరిత్ర కొంత సరియగును.

ఇన్ని చెప్పినా, ఈ రెండు గ్రంథాలను మన గ్రంథాలయాల నుండి తీసివేయమని నా సలహా కాదు. ‘మోర్ దేన్ ఎ నేటివ్ స్పీకర్’లో వినడం, మాట్లాడడం, పదజాలం గురించిన అధ్యాయాలు మన బడుల ఉపాధ్యాయులకు నేరుగా పనికివస్తాయి, అవి తెలుగులోకి రావడం మంచిది. పరాయి సంస్కృతిలో జీవించడం గురించిన భాగాన్ని బయటికి వెళ్లే మన విద్యార్థులు ముందుగా చదవాలి, ఎందుకంటే ఒడిశా కొండ ఊరిలోనో నేపాలులోనో మనమే దొరలం అవుతాం. ‘ఇంగ్లీష్ టీచింగ్ యాజ్ క్రిస్టియన్ మిషన్’ను మాత్రం నోబుల్ పాఠశాల చరిత్రతో కలిపి బోధించాలి; విడిగా వద్దు. ఆతిథ్యం ఇచ్చే సంఘాల కోసం ఇటువంటి పుస్తకం ఇంకా వ్రాయవలసి ఉంది. దానికి మొదటి పాఠంగా ఏజెంటు కాగితం ఒకటి పెట్టవచ్చు. జీతం ఏ వరుసలో ఉంది, ఎవరి సంతకం ఎక్కడ ఉంది, ఖాళీగా వదిలిన చోట తరువాత ఎవరు ఏమి వ్రాయగలరు అన్నవి అందులో అభ్యాసాలు.